గోరువెచ్చటి నీళ్ళు

చింతపండు అయిపోయింది. ఇత్తడి పళ్ళేలు సగం ఇంకా నల్లగానే ఉన్నాయి. అమ్మన్నమ్మ వాడేసిన తుక్కునే మళ్ళీ తడిపి, ఉప్పు అద్ది, పళ్ళెం అంచు మీద రుద్దుతోంది. స్కూలు వెనక ప్రహరీ గోడకీ మరుగుదొడ్లకీ మధ్య ఉన్న సందులో, నాపరాయి మీద కూర్చుని, పొద్దున్నుంచీ అదే పని. సన్నగా తుంపర పడుతోంది. గోడ అవతల పట్టాల మీద రైలు వెళ్ళినప్పుడల్లా పక్కనున్న బకెట్లో నీళ్ళు వణికి మళ్ళీ సర్దుకుంటున్నాయి.

"ఏందే అమ్మన్నమ్మా, గట్ల రుద్దుతున్నవ్? పళ్ళెం అరిగిపోతది," అంది రోసమ్మ. ఆమె రెండో ఆయా. గోడవారన పొయ్యి వెలిగించి పెద్ద గిన్నెలో నీళ్ళు కాస్తోంది. "హెడ్మాస్టరమ్మ మనసు లెక్క తళతళ మెరవాల్నా ఏంది?"

అమ్మన్నమ్మ నవ్వలేదు.

"కండ్లు గట్ల ఉబ్బినయేందే? నిద్ర లేదా?"

"వోన వొచ్చింది కదా. రేకులు కారినాయి."

"మా రేకులు సుత కారినయ్. నా కండ్లయితే మంచిగనే ఉన్నయ్," అంది రోసమ్మ. ఇంకేదో అడగబోయి, అమ్మన్నమ్మ ముఖం చూసి మానుకుంది. గిన్నెలో వేలు ముంచి చూసింది. "మస్తు వేడెక్కినయ్. సల్లనీళ్ళు కలపాలె. సార్ల కాళ్ళు గోరువెచ్చగనే కడగాల్నంట. నా కాళ్ళు పుట్టినప్పటి సంది ఎవరన్న వేన్నీళ్ళతోని కడిగిండ్రా?"

ఆరోజు గురుపౌర్ణమి. ఆ స్కూల్లో ఏటా పాదపూజ జరుగుతుంది. స్టేజీ మీద టీచర్లు వరసగా కుర్చీల్లో కూర్చుంటారు. ఒక్కొక్క సబ్జెక్టులో మొదట వచ్చిన విద్యార్థి ఆ టీచరు కాళ్ళు ఇత్తడి పళ్ళెంలో పెట్టించి, పసుపు కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తుండుతో తుడిచి, బొట్టు పెట్టి, ఆ నీళ్ళు తలమీద చల్లుకోవాలి. తల్లిదండ్రులు ముందు కూర్చుని సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. కరస్పాండెంటు ఆ వీడియోలనే మరుసటి ఏడాది అడ్మిషన్లప్పుడు అందరికీ పంపిస్తాడు. మన స్కూల్లో సంస్కారం ఉంది అని కింద రాయిస్తాడు.

అమ్మన్నమ్మ పళ్ళేలన్నీ వరసగా గోడకి ఆనించింది. వీటిలో ఏదో ఒకదానిలో లెక్కల సార్ కాళ్ళు ఉంటాయి. ఏదో తెలియదు కనక అన్నిటినీ ఒక్కలాగే తోమాలి.

అమ్మన్నమ్మ, భర్త వరహాలు శ్రీకాకుళం అవతలి పల్లె నుంచి సికింద్రాబాదు వచ్చేటప్పటికి కూతురు సాయిదుర్గకి మాటలు కూడా సరిగ్గా రాలేదు. వరహాలు మెట్టుగూడలో ట్రాలీ ఆటో మీద నీళ్ళ క్యాన్లు వేస్తాడు. సీతాఫల్‌మండిలో రేకుల గది. ఈ స్కూల్లో ఆయా పనికి జీతం తక్కువే. కానీ పిల్లకి సగం ఫీజు. అమ్మన్నమ్మ ఊడ్చి, మరుగుదొడ్లు కడిగి, గంట కొట్టి, సాయంత్రం మూడంతస్తుల గదులకీ తాళాలు వేసి వెళ్ళేది. ఆమె తుడిచిన గదుల్లోనే కూర్చుని కూతురు ఇంగ్లీషులో పాఠాలు చదివేది. తుడిచిన చోట కూతురు కూర్చుంటుందని, ఆ తరగతి గది మాత్రం రెండుసార్లు తుడిచేది.

లెక్కల సార్ సత్యదేవ్ క్రితం చలికాలంలో ఆమెని గేటు దగ్గర ఆపాడు. తెల్లచొక్కా, నుదుట విభూతి. ఆడపిల్లలందరినీ బంగారం అని పిలుస్తాడు.

"అమ్మా, మీ అమ్మాయిది మామూలు తెలివి కాదు. కొంచెం సానబెడితే ఐఐటీ సీటు వస్తుంది. సాయంత్రం ఒక గంట నేనే చెబుతాను. మీరు నాకేమీ ఇవ్వక్కర్లేదు."

ఆ స్కూల్లో ఆమెని మీరు అన్నది ఆయనొక్కడే. ఆ రాత్రి వరహాలుతో ఆ మాట చెబుతూ ఆమె రెండుసార్లు ఏడ్చింది.

క్లాసు మూడో అంతస్తులో, ల్యాబు గదిలో. తాళం వేయాల్సింది అమ్మన్నమ్మే కనక క్లాసయ్యేదాకా ఆమె కింద మెట్టు మీద కూర్చునేది. ఎవరైనా పిల్లలు మరిచిపోయిన బంతి కోసమో బాటిల్ కోసమో పైకి పోబోతే అడ్డంపడేది. "ఎల్లండి, ఎల్లండి. పైన సారు పాటం సెబుతన్నారు. అల్లరి సెయ్యకండి." వారానికొకసారి మినపరొట్టె వేసి, డబ్బాలో పెట్టి, కూతురి చేతికిచ్చి పంపేది. వేడిగా ఉన్నప్పుడే సారుకి పెట్టమని మరీమరీ చెప్పేది.

వేసవి సెలవులైపోయి స్కూలు తెరిచాక దుర్గ చలికాలపు స్వెట్టరు తీసి వేసుకోవడం మొదలుపెట్టింది. జూన్ నెల ఉక్కలో మెడదాకా గుండీలు పెట్టుకుని వెళ్ళేది. "పిచ్చి గాని పట్టిందేటే నీకు?" అని తల్లి తిట్టింది. పిల్ల బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం తల దువ్వుతూ అమ్మన్నమ్మ వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసింది. దుర్గ ఉలిక్కిపడి లేచి గోడకి కరుచుకుంది. దువ్వెన ఎగిరి అవతల పడింది.

చెప్పింది కొన్ని మాటలే.

"లెక్క తప్పయితే ఒక తీరు ముట్టుకుంటడమ్మా. కరెక్టయితే ఇంకో తీరు."

అమ్మన్నమ్మకి చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత కూతురి గొంతు మళ్ళీ వినపడింది.

"కింద నువ్వున్నవ్ గదా, అరుద్దామనుకున్న. మళ్ళ నీ నౌకరీ పోతదని అరవలే. నాన్నకి చెప్పకమ్మా. బడి బంద్ చేపిస్తడు."

అది నిజమే. వరహాలు అయితే ఆ మనిషిని నరకాలి, లేకపోతే పిల్లని ఊరికి తోలెయ్యాలి. నరకలేడు. అమ్మన్నమ్మ భర్తకి చెప్పలేదు. మర్నాడు హెడ్మిస్ట్రెస్ ఝాన్సీలక్ష్మి గదికి వెళ్ళింది.

ఝాన్సీలక్ష్మి అంతా విన్నది. మధ్యలో లేచి తలుపు దగ్గరగా వేసింది. ఎన్నడూ లేనిది, కూర్చోమంది.

"ఎవరైనా చూశారా?"

"ఎవులు సూత్తారమ్మా? పైకి ఎవుల్నీ ఎల్లనివ్వనేదు కదా. నానే మెట్ల కాడ కూకున్నాను."

"నువ్వే ఉన్నావు. మరి నీకేమీ వినపడలేదు కదా?"

అమ్మన్నమ్మ కుర్చీ అంచుకి జరిగింది.

"చూడమ్మా, నేనూ ఆడదాన్నే. నాకూ ఇద్దరు ఆడపిల్లలు," అంది ఝాన్సీలక్ష్మి. నిజంగానే ఆమె గొంతు తగ్గింది. "పోలీసుల దగ్గరికి వెళతానంటే నేను ఆపను. కానీ రేపు ఈ సందులో నలుగురి నోళ్ళలో పడేది సార్ పేరు కాదు, నీ కూతురి పేరు. పదో తరగతి. టీసీ తీసుకుని వెళితే ఎందుకొచ్చారని అడగని స్కూలుంటుందా? ఆయన లేకపోతే మనకి లెక్కల్లో రిజల్ట్స్ లేవు. కరస్పాండెంటు గారు ఒప్పుకోరు. నేను సార్‌తో మాట్లాడతాను. నువ్వు దీన్ని ఇక్కడే వదిలెయ్."

మాట్లాడింది. దుర్గకి ప్రత్యేక క్లాసు ఆగిపోయింది. తాళాల గుత్తి అమ్మన్నమ్మ దగ్గర తీసుకుని వాచ్‌మన్‌కి ఇచ్చారు. ఆమెకి సాయంత్రం పూట స్కూలు ముందరి గ్రౌండు ఊడ్చే పని పెట్టారు. తర్వాతి వారం తొమ్మిదో తరగతి నీహారిక పుస్తకాలు గుండెకి హత్తుకుని మెట్లెక్కింది. అమ్మన్నమ్మ చీపురు చేత్తో పట్టుకుని తల ఎత్తితే, మూడో అంతస్తు కిటికీలో లైటు కనిపించేది.

నీహారిక తల్లి కార్ఖానా ఏరియాలో బ్యూటీపార్లరు నడుపుతుంది. ఒకరోజు సాయంత్రం క్లాసుకి స్కూటీ మీద పిల్లని దింపేటప్పుడు అమ్మన్నమ్మ ధైర్యం చేసింది.

"అమ్మా, పాపని పైకి పంపకండి."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే దుర్గ పేరు చెప్పాలి. అమ్మన్నమ్మ చీపురు వంక చూసింది. "ఊరికినే... సీకటి పడిపోతది కదా అనీసి."

ఆవిడ నవ్వింది. "మీ అమ్మాయిని తీసేసి మా అమ్మాయిని తీసుకున్నారనా? అంత కుళ్ళు పనికిరాదమ్మా." స్కూటీ ముందు బుట్టలోంచి టిఫిన్ డబ్బా తీసి కూతురికిచ్చింది. "సార్‌కి వేడిగా ఉన్నప్పుడే పెట్టు," అంది.

మొన్న ఝాన్సీలక్ష్మి మళ్ళీ పిలిచింది. ఈసారి కూర్చోమనలేదు.

"లెక్కల్లో మీ దుర్గే ఫస్టు. సత్యదేవ్ సార్‌కి పాదపూజ తనే చెయ్యాలి."

అమ్మన్నమ్మ చేతిలోని చీపురు గోడకి ఆనించింది.

"స్టాఫ్‌రూంలో ఏవో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారని నేను అడగను. అందరి ముందూ ఆ పిల్ల సార్ కాళ్ళు కడిగితే అన్నీ సద్దుమణుగుతాయి. నీకూ మంచిదే, పిల్లకీ మంచిదే. మార్చిలో పరీక్ష రాసి వెళ్ళిపోతుంది. చెయ్యలేదనుకో, రేపు నేను నీకేం సాయం చెయ్యగలను, నువ్వే చెప్పు."

"దుర్గ వొచ్చింది," అని రోసమ్మ మోచేత్తో పొడిచింది.

సందు మొదట్లో దుర్గ నిలబడి ఉంది. పూజ చేసే ఆడపిల్లలంతా లంగా ఓణీలతో రావాలన్నారు. పక్కింటివాళ్ళనడిగి తెచ్చిన ఆకుపచ్చ లంగా, పసుపు ఓణీ. పైన స్వెట్టరు. తుంపరకి జుట్టు నుదుటికి అంటుకుంది.

"పిల్ల ఎంత మంచిగున్నదే! స్వెట్టరొక్కటే కబాబ్‌ల ఎముక లెక్క అడ్డమున్నది," అంది రోసమ్మ. ఎవరూ పలకకపోయేసరికి గిన్నె దింపుకుని పసుపు తెస్తానని లోపలికి వెళ్ళింది.

అమ్మన్నమ్మ చేతులు కడుక్కుని లేచింది. చింతపండు పులుపుకి వేళ్ళ సందులు మండుతున్నాయి.

"ఏటైనా తిన్నావా?"

దుర్గ తల అడ్డంగా ఊపింది.

"నా మాటినవే. ఒక్క నిమసం. మొకం సూడకు. కాళ్ళ మీద నీల్లు పోసీసి వొచ్చీ."

"ముట్టుకోవాలె గదమ్మా."

"నువ్వు నీల్లొక్కటీ పొయ్యి. పక్కనే నానుంటాను. తువ్వాలు తీసుకోని నానే తుడిసెత్తాను. నువ్వు ముట్టక."

"నా తల మీద సల్లుకోవాలె ఆ నీళ్ళు."

అమ్మన్నమ్మ కూతురి స్వెట్టరు గుండీ ఒకటి ఊడి వేలాడుతుంటే సర్దబోయింది. దుర్గ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏటి సెయ్యమంటావే నన్ను? రేపు ఇద్దర్నీ బయటికి తోలెత్తే మీ నాన్నకేటి సెప్పాలి? మార్చి దాకా ఓర్సుకో. పరీచ్చ రాసీసి, ఇటేపు మల్లీ మొకం తిప్పొద్దు. నీ కాళ్ళు పట్టుకుంతాను దుర్గా."

దుర్గ తల్లి కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందుకే అమ్మన్నమ్మకి భయం వేసింది.

"అప్పుడు కింద మెట్టు మీద కూసున్నవ్ గదా," అంది దుర్గ మెల్లగా. "ఇయ్యాల సుత అక్కడ్నే కూసో."

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

షామియానా కింద కుర్చీలు నిండిపోయాయి. తడిసిన గొడుగులు, అగరొత్తుల పొగ. స్టేజీ మీద టీచర్లు వరసగా కూర్చున్నారు. కరస్పాండెంటు పూలదండతో పక్కన సోఫాలో. ఝాన్సీలక్ష్మి మైకు పట్టుకుని ఒక్కొక్క టీచరు పేరూ, ఒక్కొక్క విద్యార్థి పేరూ పిలుస్తోంది. అమ్మన్నమ్మ పని నీళ్ళ చెంబు అందించడం. రోసమ్మ పని తుండు అందించడం. తెలుగు మేడం అయింది. సైన్సు సార్ అయింది. ఆయన అరికాళ్ళకి చక్కిలిగింతలై నవ్వితే ముందు వరసంతా నవ్వింది. ప్రతి పూజకీ అమ్మన్నమ్మ కిందికి దిగి, గిన్నెలోంచి చెంబు నింపి, మళ్ళీ ఎక్కుతోంది.

"ఇప్పుడు మన స్కూలుకి వెన్నెముక లాంటి సత్యదేవ్ సార్. పాదపూజ చేసేది లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న సాయిదుర్గ. సాయిదుర్గా, స్వెట్టర్ తీసేసి రామ్మా. ఫోటోలో బాగుండదు."

దుర్గ స్వెట్టరు తీయకుండానే మెట్లెక్కింది. సత్యదేవ్ చెప్పులు విడిచి, ప్యాంటు మడత పెట్టి, రెండు కాళ్ళూ పళ్ళెంలో పెట్టాడు. ఇత్తడిలో ఆయన కాళ్ళ నీడ కనిపిస్తోంది. అంత బాగా తోమింది అమ్మన్నమ్మ.

"రా బంగారం," అన్నాడాయన, అందరికీ వినపడేలా, ఎంతో ప్రేమగా.

అమ్మన్నమ్మ చెంబు పట్టుకుని పక్కన నిలబడింది. కూతురు తనవంక చూస్తుందనుకుంది. చూడలేదు. దుర్గ పళ్ళెం ముందు నిలబడింది. కూర్చోలేదు.

"కూర్చో అమ్మా," అంది ఝాన్సీలక్ష్మి మైకు పక్కకి తప్పించి.

"నేను చెయ్య."

గొంతు పెద్దదేమీ కాదు. ముందు రెండు వరసలకి వినపడి ఉంటుంది. సత్యదేవ్ ముఖం మీద నవ్వు అలాగే ఉంది. కాళ్ళ వేళ్ళు మాత్రం పళ్ళెంలో ముడుచుకున్నాయి.

"దుర్గా..."

"నేను ఈయన కాళ్ళు కడగ, మేడం."

మెట్లు దిగింది. కుర్చీల మధ్య దారిలో నడిచి, గేటు తీసి, వానలోకి వెళ్ళిపోయింది. పరుగెత్తలేదు. ఎవరూ లేచి ఆమె వెనక వెళ్ళలేదు. అమ్మన్నమ్మ కాళ్ళు కదలబోయాయి. చేతిలో చెంబు ఉంది. ఇన్నేళ్ళ అలవాటు, పని మధ్యలో చేతిలోది ఎలా దింపాలో తెలియలేదు. గేటు రెక్క కాసేపు ఊగి ఆగిపోయింది.

ఝాన్సీలక్ష్మి మైకులో నవ్వింది. "పిల్లకి స్టేజీ భయం. పొద్దున్నుంచీ జ్వరం కూడా ఉందట పాపం. పర్వాలేదు. తొమ్మిదో తరగతి నీహారిక కూడా సార్ శిష్యురాలే. నీహారికా, రామ్మా."

చప్పట్లు పడ్డాయి. మొదట రెండు చేతులు, తర్వాత అందరివీ. నీహారిక ముందు వరసలోంచి లేచింది. గులాబీ రంగు పట్టులంగా, తలనిండా మల్లెపూలు. వాళ్ళమ్మ గబగబా ఫోన్ తీసి స్టేజీ ముందుకి వచ్చి నిలబడింది. ఆ పిల్ల మెట్లెక్కి పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సత్యదేవ్ ఆశీర్వదిస్తున్నట్టు ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. పెట్టి, తియ్యలేదు. మల్లెపూల కింద పిల్ల మెడ బిగుసుకోవడం ఇంకెవరికీ కనిపించలేదు. దువ్వెన ఎగిరిపడిన ఆ ఆదివారం దుర్గ మెడా ఇలాగే బిగుసుకుంది. అమ్మన్నమ్మ దాన్ని గుర్తుపట్టింది.

నీహారిక తల ఎత్తకుండానే చెంబు కోసం రెండు చేతులూ చాచింది.

అమ్మన్నమ్మ చెంబు ఇవ్వలేదు.

"ఇవ్వు," అంది ఝాన్సీలక్ష్మి, పెదవులు కదపకుండా.

అమ్మన్నమ్మ చెంబుని పొట్టకి ఆనించుకుంది. గోరువెచ్చదనం చీర లోపలికి తెలుస్తోంది. నోరు తెరిచింది. చెబితే ఎవరి పేరుతో మొదలుపెట్టాలి? గేటు దాటిపోయిన పిల్ల పేరుతోనే కదా. నోరు మూసుకుంది. చెంబు మాత్రం వదల్లేదు.

"అమ్మన్నమ్మా, ఏమిటిది? రోసమ్మా, నువ్వు ఇంకో చెంబు పట్రా."

రోసమ్మ తుండు భుజాన వేసుకుని ఒక్క క్షణం నిలబడిపోయింది. అమ్మన్నమ్మ వంక, సత్యదేవ్ చెయ్యి వంక, ఆ చేతి కింద ఉన్న పిల్ల వంక చూసింది. ఆమె ముఖంలో ఏదో అర్థమైన జాడ కనిపించింది. ఆమెకీ ఇద్దరు మనవలు ఈ స్కూల్లోనే, సగం ఫీజు మీద. తల వంచుకుని మెట్లు దిగింది. గిన్నె దగ్గరికి నడిచింది, మెల్లగా, ఎంత మెల్లగా నడవొచ్చో అంత మెల్లగా.

అమ్మన్నమ్మ వంగింది. పిల్ల చెవి దగ్గర అంది. "లెగు, తల్లీ."

నీహారిక అప్పుడు తల ఎత్తింది. ఆయన చెయ్యి జారిపోయింది. ఆ పిల్ల ఒక మోకాలు నేల మీదినుంచి లేపింది. అలా సగం లేచి, కింద ఫోన్ పట్టుకున్న తల్లి వంక చూసింది.

తల్లి ఫోన్ దించలేదు. రెండో చేత్తో సైగ చేసింది. కూర్చో, కూర్చో.

కింద గిన్నెలో చెంబు ముంచిన చప్పుడైంది. పళ్ళెం ఇంకా పొడిగానే ఉంది. అందులో ఆయన కాళ్ళు అలాగే ఉన్నాయి. పిల్ల ఒక మోకాలు నేలమీద, ఒకటి గాలిలో పెట్టుకుని, తల్లి ముఖం వంకా, అమ్మన్నమ్మ ముఖం వంకా మార్చి మార్చి చూస్తోంది.